సత్రపు కూటినుండి సర్కారు చీటివఱకు
(కోయంబత్తూరు, మదుర తెలుగు కుటుంబములలో వికలాంగుల పోషణచరిత్ర)

మన సంఘపు సంచికలలో మదుర నాయకరాజులను గూర్చిన వ్యాసము ఒకటియైనను లేని యేడు ఉండదు. అది సంతోషకరమే. విశ్వనాథనాయకుని శౌర్యము, తిరుమలనాయకుని మహలు, రాణీ మంగమ్మగారి ధర్మకార్యములు మన పిల్లలు తెలిసికొనవలసినవే. అయితే యుద్ధమున కాలు పోగొట్టుకొని యింటికి వచ్చిన బంటుకు కూడు పెట్టినది ఎవరు? మగ్గపు గుంటలో కూర్చుండి కూర్చుండి చూపు మందగించిన నేతగాని కుటుంబము ఎట్లు గడిచినది? మిల్లులో వ్రేళ్లు తెగిన కూలికి ఏమి దక్కినది? ఈ ప్రశ్నలు మన వ్యాసములలో కానరావు. మేము పండితులము కాము. ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు ముగించి, ఒక నూలుమిల్లు టైంఆఫీసులో గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి పొందినవారము. కావున శాసనములకంటె రిజిష్టరులు మాకు ఎక్కువ పరిచితములు. ఆ పరిచయముతోనే ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము.

విజయనగర ప్రభువుల పక్షమున విశ్వనాథనాయకుడు 1529 ప్రాంతమున మదురలో అధికారము స్వీకరించెను. ఆ కాలమునను, దాని తరువాతను తెలుగువారు గుంపులు గుంపులుగా దక్షిణమునకు వచ్చిరి. సైనికులు మాత్రమే కాదు. నల్లరేగడి నేలలను సాగులోనికి తెచ్చిన రైతులు, దేవాంగులు, పద్మశాలీలు, తోలుపని చేయువారు, అందఱును వచ్చిరి. డెబ్బదిరెండు పాళెములలో పలువురు పాళెగాండ్రు తెలుగువారు. ఆనాటి రాజ్యము యుద్ధముమీద నడచినది గనుక, యుద్ధమున దెబ్బతిన్నవారిని గూర్చి ఒక ఏర్పాటు ఉండక తప్పలేదు. వీరమరణము పొందినవాని కుటుంబమునకు భూమి యిచ్చు ఆచారము తమిళదేశమున పూర్వమునుండియు కలదు. దానికి ఉదిరప్పట్టి యని పేరు. ఉదిర మనగా రుధిరము. నెత్తురునకు ప్రతిగా నేల యన్నమాట. కాని అది ప్రభువు దయమీద ఆధారపడినది. అడిగి తీసికొనదగినది కాదు.

1656 ప్రాంతమున మైసూరు సైన్యము సత్యమంగళము మీదుగా మదురవైపు నడచి, దారిలో దొరకిన వారి ముక్కులను పైపెదవితో సహా కోసిన వృత్తాంతము జెసూటు మతగురువుల లేఖలలో కలదు. చరిత్రకారులు దీనిని ముక్కుకోత యుద్ధమందురు. సత్యమంగళము నేటి కోయంబత్తూరునకు ఎంతయో దూరము కాదు. మంచముపట్టిన తిరుమలనాయకుని ఆదుకొన్న రఘునాథ సేతుపతికి బిరుదులును మర్యాదలును లభించెను. ముక్కులు పోయినవారు మాత్రము చరిత్రలో గుంపుగానే మిగిలిరి. ఒక్కని పేరైనను లేదు. పేరు వ్రాసికొననిదే దెబ్బకు విలువ లేదను పాఠము మనకు ఆనాడే చెప్పబడినది.

17వ శతాబ్ది చివర మంగమ్మగారు సత్రములు, బాటలు, చెరువులు ఏర్పఱచిరి. మదుర రైల్వేస్టేషను ఎదుట ఆమె పేరిట నున్న సత్రమును ఎఱుగని తెలుగువాడు ఉండడు. సత్రమునకు వచ్చినవానిని నీ కులమేది, నీ యూరేది యని అడుగవచ్చును గాని, నీ కాలు ఎన్ని పాళ్లు పోయినదని ఎవరును అడుగలేదు. కుంటివానికి, గ్రుడ్డివానికి విస్తరి వేసిరి. ఇది గొప్ప విషయమే. అయినను ఆ విస్తరి నేడు వేసి రేపు వేయకున్న అడుగుటకు వానికి నోరు లేదు. మన పెద్దల మనసులలో సాయమనగా నేటికిని ఈ సత్రపు సాయమే. అందుచేతనే చేయి చాచుట చిన్నతనమను భావము మన రక్తములో నిలిచిపోయినది.

ఇంగ్లీషువారు వచ్చిన తరువాత లెక్క మొదలైనది. 1881 జనాభా లెక్కలలో గ్రుడ్డివారిని, చెవిటిమూగలను, మతిచలించినవారిని, కుష్ఠురోగులను వేఱుగా లెక్కించిరి. 1931 వఱకు ఈ పద్ధతి సాగెను. లెక్కించిరే గాని లెక్కింపబడినవానికి ఒక దమ్మిడీయైన ముట్టలేదు. పూర్వము పేరు లేక సాయము కొంత యుండెను. ఇప్పుడు అంకె యుండి సాయము లేదు.

ఇంతలో మిల్లులు వచ్చినవి. 1888లో రాబర్టు స్టేన్సు దొర కోయంబత్తూరులో మొదటి నూలుమిల్లు స్థాపించెను. మదురలో హార్వే సోదరుల మిల్లు వచ్చెను. 1910లో మన తెలుగువారైన జి. కుప్పుస్వామినాయుడుగారు లక్ష్మీమిల్లులకు పునాది వేసిరి. 1932లో పైకారా విద్యుత్తు వచ్చిన పిదప కోయంబత్తూరు చుట్టును మిల్లులు బహుళముగా పెరిగినవి. యజమానులలో తెలుగువారు ఉన్నట్లే కూలీలలోను తెలుగువారు ఉండిరి. బ్లోరూములో, కార్డింగులో, రింగుఫ్రేముల వద్ద చేయి పడినచో యంత్రమునకు నాయుడనియు లేదు, చెట్టియనియు లేదు.

జర్మనీలో 1884లోను, ఇంగ్లండులో 1897లోను కార్మికుల ప్రమాదములకు పరిహార మిచ్చు శాసనములు ఏర్పడినవి. మన దేశమున వర్కుమెన్ కాంపెన్సేషను చట్టము 1923లో పుట్టి, 1924 జూలై 1 నుండి అమలులోనికి వచ్చెను. ఆ చట్టము వెనుక నొక పట్టిక కలదు. మేము ఉద్యోగమున చేరిన క్రొత్తలో దానిని చదివి ఆ రాత్రి నిద్రపోలేదు. మోచేతికి పైన కుడిచేయి పోయిన సంపాదనశక్తిలో నూటికి 70 పాళ్లు నష్టము. ఎడమచేయి పోయిన 60. ఒక కన్ను 30. బొటనవ్రేలు 25. చూపుడువ్రేలు 10. తక్కిన వ్రేళ్లలో ఏదైనను 5. మనుష్యుని అవయవములకు ఈ విధముగా ధర కట్టుట క్రూరమని తోచును. కాని ఆలోచించి చూడగా, సత్రమున లేనిది ఇక్కడ కలదు. అంకె యున్నది గనుక అడుగుటకు వీలున్నది. యజమాని దయ తలచినను తలవకున్నను కమిషనరు ఎదుట నిలిచి ఇది నాకు రావలసినదని చెప్పవచ్చును. పట్టికలోని పాళ్లు తరువాత సవరింపబడినవి: బొటనవ్రేలు 30కి పెరిగెను, ఒక చేతి రెండు వ్రేళ్లు 20 ఆయెను.

ఈ చట్టములో ఒక లోపము కలదు. డబ్బు యజమాని పెట్టెలోనుండి రావలెను గనుక, కూలి నోరు తెఱచిన ఉద్యోగమునకు ముప్పు. ఈ లోపమును తీర్చుటకు ఆచార్య బి.పి. అడార్కరుగారు 1944లో సమర్పించిన నివేదిక త్రోవ చూపెను. దానినుండి 1948లో ఇ.ఎస్.ఐ. చట్టము వచ్చెను. ఇందులో యజమానియు కార్మికుడును నెలనెల చందా కట్టుదురు. దెబ్బతిన్నవానికి కార్పొరేషను చెల్లించును. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో నెహ్రూగారు దానిని ప్రారంభించిరి. ఆ యేడే కేంద్రమున కార్మికమంత్రి యైనవారు మన వి.వి. గిరిగారు, బరంపురమున పుట్టి, 1937లో మద్రాసు ప్రభుత్వమునను కార్మికశాఖ నిర్వహించిన తెలుగువారు. ఈ రాష్ట్రమున ఆ పథకము అడుగుపెట్టినది మద్రాసు నగరమున కాదు, మన కోయంబత్తూరుననే. 1955 జనవరి 23న. సింగానల్లూరులోని ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఆ వృక్షపు కొమ్మయే.

ఇక మేము స్వయముగా ఎఱిగిన సంగతి ఒకటి చెప్పవలెను. 1986లో మా మిల్లులో, మా వీధివాడే యైన ఒక తెలుగు కార్మికుని కుడిచేతి వ్రేళ్లు రెండు కార్డింగు యంత్రములో పోయినవి. ప్రమాదాల పుస్తకములో వ్రాయుటకు మేము కలము తీయగా, "రాతలెందుకన్నా, నేనేమి బిచ్చగాణ్ణా?" అని అతడు అడ్డుపడెను. నచ్చజెప్పి వ్రాసితిమి. కాని పొరపాటు మాదే జరిగినది. అతని పేరు 'గ'తో మొదలగును. తమిళములో క, ఖ, గ, ఘ నాలుగింటికిని ఒకే అక్షరము గదా. బడి సర్టిఫికెట్టులో తమిళమున వ్రాసిన పేరు, ఇంగ్లీషులోనికి వచ్చునప్పటికి 'క' ఆయెను, బీమాకార్డులోను అదియే. మేము తెలుగువారము గనుక, ఇంటిలో పిలుచునట్లు 'గ'తో వ్రాసితిమి. అభిమానముతో చేసిన ఆ పని అతని కొంప ముంచినది. ఇద్దరును ఒక్కరేనా యని ప్రశ్న వచ్చెను. అఫిడవిట్టు, హెడ్మాస్టరు లేఖ, మేస్త్రీ సాక్ష్యము, అన్నియు కూర్చునప్పటికి పది నెలలు గడచెను. ఒకనాడు అతడు మా టేబులు వద్ద నిలిచి, "అన్నా, వేళ్లు మిషన్లో పోయె, పేరు నీ పెన్నులో పోయె" అనెను. నవ్వుచునే అనెను గాని ఆ మాట మాకు నేటికిని ముల్లువలె తగులుచున్నది. తుదకు మెడికల్ బోర్డు 20 పాళ్లు నిర్ణయించెను. నెలనెల వచ్చిన ఆ చిన్న మొత్తముతో అతని కూతురు టీచరు ట్రైనింగు ముగించినది. అతడు జీవించియున్నంతకాలము అది ఆగలేదు.

ఆనాటినుండి మేము నేర్చుకొన్న దొక్కటే. మన యింటిపేరు, మన ఉచ్చారణ, మన అభిమానము ఇంటిలో నుండవలెను. కాగితములన్నిటిలో ఒకే పేరు, ఒకే అక్షరవరుస ఉండవలెను. ఆంధ్రదేశమున ఇంటిపేరు ముందు వచ్చును. ఇక్కడ తండ్రి పేరులోని తొలియక్షరము వచ్చును. ఆధారు కార్డులో ఒక విధముగా, రేషను కార్డులో మఱొక విధముగా, బ్యాంకు పుస్తకములో వేఱొక విధముగా ఉన్న పేరు మన కుటుంబములలో సర్వసామాన్యము. కష్టము వచ్చినపుడు దిద్దుకొందమనుకొనరాదు, ముందే దిద్దుకొనవలెను.

మిల్లు వెలుపల నున్నవారికి ప్రభుత్వసాయము ఆలస్యముగా వచ్చెను. ఈ రాష్ట్రమున 1962లో వృద్ధాప్యపు పింఛను, 1974లో దిక్కులేని వికలాంగులకు పింఛను ఏర్పడెను. 2009లో కేంద్రప్రభుత్వము 80 పాళ్లు, అంతకు మించిన వైకల్యము గలవారికి వేఱొక పింఛను ఏర్పఱచెను. తమిళనాడు రెవెన్యూశాఖ ద్వారా ఇచ్చు వికలాంగుల పింఛనును 2023 జనవరి నుండి 1,000 రూపాయలనుండి 1,500కు పెంచిరి. పైకము ఇట్లు రాగా, హక్కు 1995 చట్టముతో వచ్చెను. అందులో ఏడు విధముల వైకల్యములు పేర్కొనబడినవి. 2016 చట్టము వానిని ఇరువదియొకటి చేసెను. 2017 ఏప్రిల్ 19 నుండి అది అమలులో నున్నది. 1923, 1948 నాటి కార్మిక చట్టములు రెండును 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో చేర్చబడి, ఆ స్మృతి 2025 నవంబరు 21న అమలునకు వచ్చినది.

ఇక్కడ మనవారు తఱచు పొరబడు విషయ మొకటి కలదు. పాళ్లు రెండు రకములు. ఇ.ఎస్.ఐ. బోర్డు చూచునది పనిలో తగిలిన దెబ్బవలన సంపాదనశక్తి ఎంత తగ్గినదని; అందులో 20 పాళ్లు వచ్చినను దాని ప్రకారము నెలనెల పైకము వచ్చును. ప్రభుత్వాసుపత్రి ఇచ్చు వైకల్యపు సర్టిఫికెట్టు చూచునది శరీరమునకు గాని మనసునకు గాని కలిగిన లోటు ఎంతయని. పుట్టుకతో వచ్చినదైనను, రోగమువలన వచ్చినదైనను సరియే. అందులో 40 పాళ్లు ముఖ్యమైన గీత. ఉద్యోగములలో ప్రత్యేకస్థానము మొదలైన హక్కులకు ఆ గీత దాటవలెను. ఒక చీటి తీసికొని రెండవ కిటికీ వద్ద నిలిచి, తిరిగి పంపిరని నిరాశపడినవారిని మేము పలువురను చూచితిమి.

నేటి క్రమము ఇట్లున్నది. మొదట యు.డి.ఐ.డి. అను ఏకైక గుర్తింపు కార్డు కొఱకు కంప్యూటరు ద్వారా దరఖాస్తు పెట్టవలెను. ఇంటిలో చదువుకొన్న పిల్ల యున్న చాలును; లేనియెడల కలెక్టరు కార్యాలయమున నున్న జిల్లా వికలాంగ సంక్షేమాధికారి కార్యాలయమున తెలిసికొనవచ్చును. తమిళమున వికలాంగులను మాట్రుత్తిరనాళి యందురు. కరుణానిధిగారి కాలమున వాడుకలోనికి వచ్చిన గౌరవపదము. బోర్డు మీద ఆ పేరు చూచి లోపలికి పోవలెను. తరువాత ప్రభుత్వాసుపత్రిలో పరీక్ష. పాత చికిత్సచీట్లు, ఎక్స్‌రేలు, ఆపరేషను కాగితములు తేదీలవారీగా పేర్చుకొని పోవలెను. సర్టిఫికెట్టు వచ్చిన పిదపనే పింఛను, బస్సుపాసు, రైలురాయితీ మొదలైనవి. ప్రతిదానికి వేఱు దరఖాస్తు. సర్టిఫికెట్టు వచ్చినంతమాత్రమున పింఛను దానంతట అది రాదు. ఇచ్చిన ప్రతి కాగితమునకు నకలు, రశీదు ఉంచుకొనవలెను. కాదన్నచో ఎందుకు కాదో వ్రాతమూలకముగా అడుగవలెను. సోమవారములందు కలెక్టరు కార్యాలయమున జరుగు ప్రజల ఫిర్యాదుల దినము ఇందుకే ఏర్పడినది.

మన బంధువులు ఆంధ్రమునుండి వచ్చినపుడు, అక్కడ 2024లో వికలాంగుల పింఛను 6,000 రూపాయలు చేసిరని చెప్పగా, మనవారు కొందఱు అక్కడి చిరునామాతో కార్డు పుట్టించుకొందమా యని చూచుచున్నారు. అది తగని పని. పింఛను భాషను బట్టి రాదు, నివాసమును బట్టి వచ్చును. నాలుగు వందల ఏండ్లుగా ఈ నేల నీరు త్రాగిన మనకు ఇక్కడి కలెక్టరే కలెక్టరు. మన భాషకు ఇక్కడను గౌరవము కలదు. రాజ్యాంగపు 350వ అధికరణము ప్రకారము, రాష్ట్రమున వాడుకలో నున్న ఏ భాషలోనైనను ఫిర్యాదు వ్రాసికొను హక్కు ప్రతివానికి కలదు. తమిళమున వ్రాసిన పని త్వరగా జరుగునన్నది అనుభవము. అయినను తెలుగు తప్ప ఎఱుగని ముసలమ్మ తెలుగున వ్రాసిన అర్జీ చెల్లదని ఎవరును అనజాలరు.

మదురలో మేమెఱిగిన ఒక కుటుంబమున బుద్ధిమాంద్యము గల కుమార్తె కలదు. తండ్రి ప్రభుత్వోద్యోగి. చెల్లెండ్ర పెండ్లిండ్లకు అడ్డు వచ్చునని సర్టిఫికెట్టు తీయలేదు. పింఛను కాగితములలో ఆమె పేరు చేర్పింపలేదు. తల్లిదండ్రులు పోయిరి. సంపాదించుకొనలేని బిడ్డకు జీవితాంతము రావలసిన కుటుంబపింఛను కొఱకు, అరువదియేండ్లు దాటిన అన్న ఇప్పుడు కార్యాలయములు తిరుగుచున్నాడు. తల్లి బ్రతికియున్నప్పుడే ఆమెకు ఈ స్థితి యున్నదని నిరూపింపవలెనట. వీధి యెల్ల ఎఱుగును. వీధి ఎఱిగినది కాగితము కాదు గదా! ఇట్టివారికి సంరక్షకుని నియమించుటకు 1999లో నేషనల్ ట్రస్టు చట్టము వచ్చినది. కలెక్టరు అధ్యక్షతన జిల్లాసంఘము ఆ పని చేయును. తల్లిదండ్రులు తమ చేతులు ఆడుచుండగనే ఈ రెండు పనులు ముగించుకొనవలెను. దాచిన వైకల్యము తగ్గదు. హక్కు మాత్రము తగ్గును.

సిగ్గుపడువారికి ఒక్క ఉదాహరణము చాలును. ఎట్టయపురము దగ్గఱ వడమలాపురమున 1918లో తెలుగు కుటుంబమున పుట్టిన డాక్టరు జి. వెంకటస్వామిగారికి యౌవనముననే కీళ్లవాతము సోకి వ్రేళ్లు వంకరపోయినవి. సైనికవైద్యోద్యోగము పోయినది. ఆ వంకరవ్రేళ్లతోనే కత్తి పట్టుట నేర్చి లక్షకు పైగా కంటి ఆపరేషనులు చేసిరి. 1976లో ఉద్యోగవిరమణానంతరము మదురలో పదునొకండు పడకలతో అరవింద కంటి ఆసుపత్రి ప్రారంభించిరి. వైకల్యము దాచుకొనదగిన కళంకము కాదని ఆయన వ్రేళ్లే సాక్ష్యము చెప్పినవి.

మఱొక్క మాట. తెలుగువారమని మనము సభలు చేసికొనునపుడు, ఇంటిలో తెలుగు మాటలాడుచు ఈ రెండు నగరముల వీధులను, కాలువలను శుభ్రపఱచుచున్న అరుంధతీయ సోదరులను పిలుచుట తక్కువ. దెబ్బ ఎక్కువ తినువారు వారు; కాగితము తక్కువ గలవారును వారే. మురుగుకాలువలో దిగి శాశ్వతముగా వికలాంగుడైనవానికి 20 లక్షల రూపాయలకు తక్కువ కాకుండ పరిహారమీయవలెనని 2023 అక్టోబరు 20న సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. ఈ సంగతి వారి పేటలలో ఎందఱికి చేరినది? చేరవేయవలసినవారము మనమే.

కావున సంఘమువారికి మా విన్నపము. ఉగాదికి కవిసమ్మేళనము జరుపుదుము, సంక్రాంతికి ముగ్గులపోటీ పెట్టుదుము. నెలకొక ఆదివారము సంఘభవనమున ఒక బల్ల వేయించి, విశ్రాంతి పొందిన గుమాస్తాలము నలుగురము కూర్చుండ అనుమతింపుడు. అర్జీలు వ్రాసిపెట్టుదుము, పేళ్లు సరిచూచుదుము, నకళ్లు తీయించుదుము. మేము ఒకప్పుడు ఒక్క అక్షరము తప్పు వ్రాసి ఒకని పది నెలలు తిప్పితిమి. ఆ ఋణము కొంతయైనను తీర్చుకొనుటకు, మా చేయి వణకకముందే, అవకాశము కలుగజేయ ప్రార్థన.